కుంపటి పడకగదిలోకి తేవద్దు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో ధనుర్మాసపు చలికి పెరటిలో మంట వేసుకొనుట పరిపాటి. హేమంతంలో నిప్పుల సెగతో వెచ్చబడిన ఇల్లు హితమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పినాడు. శాస్త్రమే చెప్పినదని మిగిలిన నిప్పులను కుంపటికెత్తి, పడకగది తలుపులు మూసుకొనుట ప్రాణాంతకం. పెంకుటిండ్ల సందుల గుండా గాలి ఆడేది. మూసిన స్లాబు గదిలో ఆ వీలు లేదు. నిప్పుల నుండి పుట్టే కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మంటకు పొడికట్టెలు, పిడకలే వాడండి. టైర్లు, ప్లాస్టిక్ వద్దు. గడ్డివాముకు దూరంగా వేసి, నీళ్ళబిందె ప్రక్కనే ఉంచండి. ఒళ్ళు కాలితే 20 నిమిషాలు చల్లని నీరు ధారగా పోయండి. వెంటనే నెయ్యి, సిరా పూయరాదు. నిద్రకు ముందు నిప్పులను పెరటిలోనే నీళ్ళతో పూర్తిగా ఆర్పండి.