తగ్గని జ్వరం – ప్లీహంలో చీముగడ్డ

జ్వరం వస్తుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న బిళ్ళలతో రెండు మూడు రోజులు ఊరట కలుగుతుంది. మందు ఆపగానే జ్వరం తిరిగి వస్తుంది. ఈసారి ఇంకాస్త ‘పవరున్న’ బిళ్ళలు తెచ్చుకుంటారు. ఈలోగా ఎడమ డొక్కలో నొప్పి మొదలైతే గ్యాస్ అని సరిపెట్టుకుంటారు. ఎడమ భుజం లాగితే ఏదో బరువెత్తి ఉంటామని అనుకుంటారు. ఇలా వారాలు గడిచిపోతాయి. ఇటువంటి జ్వరాలలో ఎక్కువ భాగం సాధారణ కారణాల వల్ల వచ్చేవే. అయితే కొద్దిమందిలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో, దీని వెనుక ప్లీహంలో చేరిన చీము ఉండవచ్చు. ఇది అరుదైన వ్యాధి. కాని చికిత్స అందకపోతే ప్రాణాంతకం. సకాలంలో గుర్తిస్తే నయమవుతుంది.

ప్లీహం అంటే ఏమిటి?

మన పెద్దలు ‘తిల్లీ’ అని పిలిచే అవయవమే ప్లీహం. మలేరియా వంటి జ్వరాలలో అది ఉబ్బితే పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అనేవారు. ఇది పొట్టకు ఎడమవైపు పైభాగంలో, పక్కటెముకల చాటున, పిడికిలంత పరిమాణంలో ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు 150 గ్రాములు. రక్తాన్ని వడపోయడం, ముదిరిన ఎర్ర రక్తకణాలను తొలగించడం, కొన్ని రకాల బాక్టీరియాను ఎదుర్కోవడం దీని పనులు.

చీము ఎలా చేరుతుంది?

చాలా సందర్భాలలో వ్యాధి మొదట వేరొక చోట ఉంటుంది. గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకినప్పుడు అక్కడి సూక్ష్మజీవులు రక్తంలో కలిసి ప్లీహాన్ని చేరతాయి. టైఫాయిడ్, క్షయ కూడా కారణాలు కావచ్చు. దెబ్బ తగిలి ప్లీహంలో గడ్డకట్టిన రక్తానికి ఇన్ఫెక్షన్ సోకవచ్చు. సికిల్ సెల్ వ్యాధిలో రక్తప్రసరణ ఆగి దెబ్బతిన్న భాగంలోనూ చీము పట్టవచ్చు. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడేవారికి ముప్పు ఎక్కువ.

మన ప్రాంతంలో గుర్తుంచుకోవలసిన మరొక కారణం మెలియాయిడోసిస్. ఈ బాక్టీరియా మట్టిలో, నిలువ నీటిలో ఉంటుంది. దక్షిణ భారతదేశంలో ఈ కేసులు వర్షాకాలంలో ఎక్కువగా కనిపిస్తాయి. పొలంలో పనిచేసే మధుమేహ రోగులకు ఇది సోకే అవకాశం అధికం. దీనిని క్షయగా పొరబడే అవకాశమూ ఉంది.

ఎలా గుర్తిస్తారు?

జ్వరం, చలి, ఎడమ పక్కటెముకల కింద నొప్పి దీని ముఖ్య లక్షణాలు. ప్లీహం పైన ఉండే విభాజక పటలం రాపిడికి గురైతే ఆ నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుంది. ఊపిరి గట్టిగా పీల్చినప్పుడు బాధ పెరగవచ్చు. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరవచ్చు. ఈ లక్షణాలన్నీ ప్రతి రోగిలోనూ కనిపించవు. కొందరిలో జ్వరం, బరువు తగ్గడం తప్ప మరేమీ ఉండదు.

అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో చాలావరకు చీముగడ్డ తెలిసిపోతుంది. సందేహం మిగిలితే రంగు మందు ఎక్కించి తీసే సి.టి. స్కాన్ మరింత స్పష్టతనిస్తుంది. మూత్రపిండాల సమస్య ఉన్నవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. గుండె కవాటాల పరిస్థితి తెలుసుకోవడానికి ఎకో పరీక్ష చేస్తారు.

అన్నింటికంటే ముఖ్యమైనది బ్లడ్ కల్చర్. రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉన్నదో, దానికి ఏ మందు పనిచేస్తుందో ఈ పరీక్ష చెబుతుంది. వీలైనంతవరకు దీనికి యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం తీయాలి. సొంతంగా మందులు మింగి వెళితే సూక్ష్మజీవి పరీక్షకు చిక్కకపోవచ్చు. దుకాణం బిళ్ళల వల్ల జరిగే అసలు నష్టం ఇదే. రోగి పరిస్థితి విషమంగా ఉన్నప్పుడు మాత్రం పరీక్షల కోసం చికిత్సను ఆపరాదు.

చికిత్స

మొదట యాంటీబయాటిక్‌లను నరం ద్వారా ఇస్తారు. గడ్డ ఒకటి రెండుగా, అందుబాటులో ఉంటే, స్కాన్‌లో చూస్తూ చర్మం గుండా సూదితోనో సన్నని గొట్టంతోనో చీము తీసివేస్తారు. ఆ చీమును కూడా ప్రయోగశాలకు పంపుతారు. గడ్డలు అనేకం ఉన్నా, అరలు అరలుగా ఉన్నా, పగిలినా, ఇతర పద్ధతులు ఫలించకపోయినా ప్లీహాన్ని తొలగించవలసి రావచ్చు. కనుక ఈ వ్యాధి అనగానే ఆపరేషన్ తప్పదని బెదిరిపోనవసరం లేదు. అవసరమని వైద్యులు చెప్పినప్పుడు వాయిదా వేయడమూ తగదు.

జ్వరం తగ్గగానే మందులు ఆపరాదు. చికిత్స సాధారణంగా కొన్ని వారాలు సాగుతుంది. మెలియాయిడోసిస్‌లోనైతే ఇంజెక్షన్ల తర్వాత బిళ్ళలను కనీసం 3 నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే వ్యాధి తిరగబెడుతుంది. మధుమేహం అదుపులో ఉండటం చికిత్సలో ఒక భాగమే.

ప్లీహం తీసివేస్తే

ప్లీహం లేకుండా దశాబ్దాలు జీవించవచ్చు. అయితే కొన్ని ఇన్ఫెక్షన్లు గంటల్లోనే తీవ్రరూపం దాల్చగలవు. అందుకే న్యుమోకాకల్, మెనింజోకాకల్, హిబ్ టీకాలు తప్పనిసరి. ముందుగా నిర్ణయించిన ఆపరేషన్ అయితే 2 వారాల ముందు, అత్యవసరంగా చేస్తే సుమారు 2 వారాల తర్వాత ఈ టీకాలు వేస్తారు. ఫ్లూ టీకా ఏటా అవసరం. హజ్ యాత్రికులందరికీ మెనింజోకాకల్ టీకా తప్పనిసరి. ప్లీహం లేనివారు ప్రయాణానికి చాలా ముందే వైద్యుణ్ణి సంప్రదించి, మిగిలిన టీకాలను కూడా సరిచూసుకోవాలి. వీరికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ‘నాకు ప్లీహం లేదు’ అని రాసిన చీటీ జేబులో ఉంచుకోవాలి.

ఇంటివారు చేయవలసింది

‘అబ్బాకు షుగర్ ఉంది కదా, నీరసం మామూలే’ అని ఊరుకోకండి. జ్వరం తగ్గినట్లే తగ్గి మళ్ళీ వస్తుంటే ఎప్పుడు, ఎంత వచ్చిందో ఒక కాగితంపై రాయండి. వాడిన ప్రతి మందు చీటీని దాచి, వైద్యునికి చూపండి. ఎడమవైపు నొప్పి, పొలం పని, పాత దెబ్బ, గుండె జబ్బు—వీటిలో ఏది ఉన్నా, అడగకపోయినా చెప్పండి. ‘డాక్టర్ గారూ, బ్లడ్ కల్చర్ చేయించమంటారా? కడుపు స్కాన్ తీయించమంటారా?’ అని వినయంగా అడగటానికి సంకోచించకండి.