సీసాలు కాదు, ముందు ఓఆర్ఎస్

హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ తిరిగొచ్చే ప్రతిసారీ మా సూట్‌కేసులో ప్రోబయాటిక్ సీసాలు ఉండేవి. మా చిన్నదానికి రెండేళ్లప్పుడు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే వాటినే నమ్ముకుని రోజంతా గడిపాం. పొద్దుటి నుంచి మూత్రం పోయలేదని సాయంత్రానికి గాని గమనించలేదు. ఎమర్జెన్సీలో పట్టించింది ఓఆర్ఎస్ నీళ్లే.

అమెరికా, కెనడాల్లో 1,800 మందికి పైగా పిల్లలపై జరిపిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2018లో వచ్చాయి. ప్రోబయాటిక్ వేసిన పిల్లలకూ, మందు లేని ఉత్తుత్తి పొడి వేసిన పిల్లలకూ జబ్బు తీవ్రతలో తేడా లేదు. ఆ పరీక్షల్లోని బ్యాక్టీరియా, మన సీసాల్లోది ఒకటే కాకపోవచ్చు. కానీ రకరకాల ప్రోబయాటిక్‌లపై పరిశోధనలను కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష కూడా పెద్దగా ప్రయోజనం ఉండకపోవచ్చనే చెప్పింది.

పిల్లల్లో విరేచనాలకు ముఖ్య కారకమైన రోటావైరస్‌ను 1973లో కనుగొన్నది ఈ మెల్‌బోర్న్‌లోనే. దాని టీకా 2007 నుంచి ఆస్ట్రేలియా జాతీయ కార్యక్రమంలో ఉంది. వేయించండి. ఓఆర్ఎస్ ఏ ఫార్మసీలోనైనా చీటీ లేకుండానే దొరుకుతుంది. కొద్దికొద్దిగా, మాటిమాటికీ పట్టండి. తల్లిపాలు ఆపొద్దు. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఊరి నుంచి వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు సీసాలు తెస్తే తేనివ్వండి. మన కళ్లు మాత్రం బిడ్డ తాగే నీళ్ల మీదే ఉండాలి.