కంప్యూటరునకును పోపులపెట్టె

పొయ్యి చెంత పోపులపెట్టె నుంచుకొను గృహిణి ఆవాలకొఱకు ప్రతిదినమును అటక యెక్కదు గదా! కంప్యూటరులో కాగితములు దాచుకొనునపుడు మాత్రము మనము ఈ నేర్పును మఱచుచున్నాము.

రావికమతములో మా యింట జరిగిన సంగతి చెప్పెదము. మా అమ్మాయిని కళాశాలలో చేర్చుటకు గడువు ముగియు దినమున ఆదాయ ధ్రువపత్రము కావలసి వచ్చెను. నెల క్రిందటనే దానిని సేవ్ చేసితిమి గాని, ఏ ఫోల్డరులోనో జ్ఞప్తికి రాలేదు. రెండు గంటలు వెదకితిమి. అది దొరకునప్పటికి గడువునకు పది నిమిషములే మిగిలెను.

2015లో వెలువడిన విండోస్ 10 మొదలుకొని దీనికొక సులభోపాయము గలదు. ముందుగా "ఇంటి కాగితములు" అను ఫోల్డరు నొకదానిని ఏర్పఱచుకొనుఁడు. దానిపై మౌసు కుడిమీట నొక్కి, "పిన్ టు క్విక్ యాక్సెస్" అనుదానిని ఎన్నుకొనుఁడు. అటుపిమ్మట ఏ పత్రమును సేవ్ చేయఁబోయినను, చాల ప్రోగ్రాములలో ఎడమప్రక్కన ఆ పేరు కనఁబడును. దానిని నొక్కి పత్రమును భద్రపఱచిన చాలును.

ఒక్క మాట మఱువరాదు. ఆ పేరు ఫోల్డరునకు దారియే కాని రెండవ ప్రతి కాదు. పట్టికనుండి పేరు తీసివేసినను కాగితములకు హాని లేదు. ఫోల్డరునే చెఱిపివేసినచో అన్నియుఁ బోవును. కావున ముఖ్యపత్రముల ప్రతులను పెన్‌డ్రైవులోను ఉంచుకొనుట మేలు. పట్టికలో నాలుగైదు పేర్లకు మించనీయకుఁడు. పోపులపెట్టెలో ఇంటి సరకంతయుఁ గ్రుక్కినచో మరల వెదకులాటయే!

సోదరీమణులు బిడ్డల చదువుల గడువులు రాకమున్నే ఈ పని చేసికొందురు గాక.