శ్వేతపత్రంలో మన లెక్క ఏదీ?

శ్వేతపత్రం అంటే తెల్ల కాగితం. మన పల్లెల్లో తెల్ల కాగితం అంటే ఏందో అందరికీ తెలుసు. అప్పిచ్చే ఆసామి ముందు మనం వేలిముద్ర వేస్తాం, పైన రాత ఆయన రాసుకుంటాడు. సర్కారు శ్వేతపత్రాలూ అట్లాగే తయారయ్యాయని మేమంటున్నాం.

ఈ పద్ధతి ఇంగ్లీషోళ్లది. ఉన్న లెక్క, చేయబోయే పని జనం ముందు పెట్టడం దాని ఉద్దేశం. 1933లో భారత రాజ్యాంగ సంస్కరణల మీద బ్రిటిష్ ప్రభుత్వం శ్వేతపత్రం ఇచ్చింది. దాన్ని పరిశీలించిన పార్లమెంటు కమిటీలో బాబాసాహెబ్ అంబేడ్కర్ కూర్చుని సాక్షులను ప్రశ్నించారు. అంటే శ్వేతపత్రం విని తలూపేది కాదు, నిలదీసేది.

మన దగ్గర జరిగిందేంది? 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1996లో చంద్రబాబు ప్రభుత్వం ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం వేసింది. ఖజానాకు డబ్బుల్లేవంది. ఆ ఏడే రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో సారా తప్ప మిగతా మందు మళ్లీ వచ్చింది. మందు లేకపోతే ఖజానాకు నష్టమని లెక్క కట్టారే, మందు వస్తే కూలితల్లికి జరిగే నష్టం ఎవరు కట్టారు?

2023 డిసెంబరులో తెలంగాణ కాంగ్రెస్ ప్రభుత్వం, 2024 జూన్, జూలైల్లో మన రాష్ట్ర ప్రభుత్వం వరసగా శ్వేతపత్రాలు వేశాయి. పోలవరం, అమరావతి, కరెంటు, భూములు, గనులు, మద్యం, అప్పులు. ఎవరేసినా ధోరణి ఒకటే. 'పాతోళ్లు ముంచారు' అని మొదలు, 'ఓపిక పట్టండి' అని ముగింపు. నడుమ కోట్లు, శాతాలు. తప్పు ఎదుటి పార్టీదైతే పేరుంటుంది, తనదైతే 'జాప్యం జరిగింది' అని ఉంటుంది. జాప్యం దానంతటదే జరుగుతుందా?

మేమడిగేది రెండు లెక్కలు. ఒకటి, అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో డి.కె. పట్టా ఎవరి పేర ఉంది, సాగు ఎవరు చేస్తున్నారు? రెండు, 2013 ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం కింద మన ఊరికొచ్చిన రూపాయి ఎక్కడ ఖర్చయింది? ఇవి ఊరి వారీగా, మనకర్థమయ్యే తెలుగులో, గ్రామసభలో చదివి వినిపించాలి.

వాళ్లు రాసేదాకా కూర్చోవద్దు. చదువుకున్న మన పిల్లలు 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి అడంగల్ నకళ్లు తీయాలి. పెద్దోళ్లు ఏ చెక్క ఎవరిదో చెప్పాలి. ఊరూరా మన పత్రం మనం రాసి, ఎమ్మార్వో బల్ల మీద పెట్టి రసీదు అడుగుదాం.