డాబామీది తొట్టి



శ్రావణమాసమున ఒక శుక్రవారము ఉదయము మా కృష్ణానగరు ఇంటి ముంగిట నగరపాలక సంస్థ పనివాడొకడు వచ్చి నిలిచెను. అతని చేత టార్చిదీపమును, భుజమున మందు చిమ్ము యంత్రమును ఉండెను. డాబామీది నీటితొట్లను చూడవలెనని అడిగెను. నేను వ్రతపు మడితో నుంటిని. “మా యింట శుభ్రతకేమి కొదువ? మరియొకనాడు రండు” అని పంపివేసితిని.

పక్షము గడువకముందే మా క్రిందివాటాలోని చిన్నదానికి జ్వరము తగిలెను. ఆ బిడ్డ తల్లి సినిమాలలో గుంపువేషములు వేయునది. వేకువన బండి యెక్కినచో రాత్రికి గాని ఇల్లు చేరదు. పనికి పోని దినమున కూలి లేదు. జ్వరము డెంగీయని తేలుటతో ఆమె ఎనిమిది దినములు పని మాని బిడ్డ మంచమును కనిపెట్టుకొని యుండెను. దైవకృపచే బిడ్డ కోలుకొనెను. అప్పుడు నేను డాబా యెక్కి, మూత జారిన తొట్టిలోనికి తొంగిచూచితిని. తేటనీటిలో సన్నని పురుగులు మెలికలు తిరుగుచు ఈదుచుండెను. బిడ్డను కుట్టిన దోమ మా తొట్టిలో పుట్టినదేయని నిరూపింపగలవారు లేరు. కాదని చెప్పు ధైర్యము నాకును లేదు.

చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసమను ప్రకరణము కలదు. ఆహారమునందును దేహతత్త్వమునందును వేరువేరుగా నున్న జనులందరును ఒకే కాలమున ఒకే రోగమున కేల లోనగుదురని శిష్యుడు ప్రశ్నింపగా, గాలి, నీరు, నేల, కాలము అను నాలుగును అందరికిని సామాన్యములు గనుక, అవి చెడినచో రోగమును సామాన్యమగునని గురువు సమాధానము చెప్పెను. చిన్ననాడు మా నాయనగారు చెప్పగా వింటినేగాని, దాని యర్థము నాకిప్పటికి బోధపడినది. వంటయిల్లు మన చేతిలోనిది. వీధికాలువ, చెత్తకుప్ప, పొరుగువారి తొట్టి మనమొక్కరము బాగుచేయగలవి కావు. వానిని చూచుటకే పురపాలక సంఘములు పుట్టినవి.

మన రాజ్యాంగమునకు జరిగిన డెబ్బదినాల్గవ సవరణము 1993లో అమలునకు వచ్చెను. దానితో చేరిన పండ్రెండవ షెడ్యూలులో పట్టణ పాలక సంఘములకు అప్పగింపదగిన పదునెనిమిది విషయములు చెప్పబడినవి. ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, చెత్త తొలగింపు అందులోనివి. మన నగరమున చెత్తబండ్లును, దోమల నివారణమును, జననమరణముల నమోదును నగరపాలక సంస్థ పనులు. త్రాగునీరు మాత్రము జలమండలి చూచును. 2018లో బస్తీ దవాఖానాలు వెలసినవి. వైద్యము ఆరోగ్యశాఖది, చోటు చూపుటలో నగరపాలక సంస్థకు భాగము కలదు. అచ్చట వైద్యుడు ఉచితముగా చూచి మందులిచ్చును. రక్తము తీసి పరీక్షకు పంపుదురు. 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనమును ఆరోగ్యసేవయే. కడుపు నిండని దేహమున మందేమి పనిచేయును?

దోమ సంగతి మన నగరమునకు క్రొత్త గాదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులోనే రొనాల్డు రాసు అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టెను. ఆ దోమ వేరు, డెంగీ దోమ వేరు. డెంగీ దోమ మురుగునీటికంటె తేటనీటినే కోరును, పగటివేళ కుట్టును. కృష్ణానగరమున కొండమీది వాననీరు పల్లమునకు దిగి వీధులు నిండును. కుళాయినీరు సాధారణముగా దినము విడిచి దినము వచ్చును గనుక ప్రతి యింటను పీపాలు తప్పవు. పీపా దోషము గాదు, మూత లేకపోవుట దోషము.

గ్రుడ్డు దోమయగుటకు ఇంచుమించు ఏడెనిమిది దినములు పట్టును. కావున వారమున కొకసారి తొట్టి వంచినచో ఆ సంతతి తెగును. 2020లో ఆదివారము పదిగంటలకు పది నిమిషములని ప్రభుత్వమువారు ప్రచారము చేసినది ఇందుకే. నీరు పారబోసిన చాలదు. గ్రుడ్లు తొట్టిగోడ నంటుకొని, తడి లేకయు మాసములకొలది బ్రతుకును గనుక పీచుతో తోమి కడుగవలెను. పూలకుండీల క్రింది పళ్లెములు, కూలరు, శీతలపెట్టె వెనుకటి నీటిపళ్లెము మరువరాదు.

జ్వరము వచ్చినచో ఆస్పిరిను, ఐబుప్రొఫెను మ్రింగింపకుడు. అవి రక్తస్రావమును హెచ్చించును. డెంగీలో జ్వరము తగ్గిన దినములే మిక్కిలి జాగ్రత్త వహింపవలసినవి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మగత కనబడినచో ఆలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇక మనము అడుగవలసినదియు కలదు. బస్తీ దవాఖానా పగటివేళ నడచును. మా వీధి స్త్రీలలో పెక్కుమంది వేకువ పోయి రాత్రి వచ్చువారు. తలుపు తెరచియుండగా వారు రాలేరు, వారు వచ్చుసరికి తలుపు మూయబడును. కృష్ణానగరము వంటి చోట్ల వారమున రెండు సాయంకాలములైనను వైద్యుడుండుట న్యాయము. నగరపాలక సంస్థలో సగము స్థానములు చట్టముచే స్త్రీలకే యున్నవి. ఓటడుగ వచ్చు సోదరిని ఈ మాట అడుగుటకు మనకు సంకోచమేల? నలుగురు చేరి కాగితముమీద వ్రాసి యిచ్చిన మాటకు బరువుండును.

అయితే అడుగువారి చేతులు ముందుగా శుభ్రముగా నుండవలెను. నాటి పనివాడు మరల వచ్చినపుడు నేనే ముందు నడచి డాబా చూపితిని. అతడు తొట్టి పరికించి, “బాగున్నదమ్మా” అని ప్రక్కయింటికి పోయెను. క్రిందివాటా తల్లికి మాత్రము ఆ తొట్టి మాట చెప్పుటకు నాకు మరి రెండు దినములు పట్టెను. చెప్పితిని. ఆమె కొంతసేపు మిన్నకుండి, “మా పీపాకును మూత లేదక్కా” అనెను. ఆ సాయంకాలమే ఇద్దరము పోయి రెండు మూతలు కొని తెచ్చితిమి.