రెండు పరమాణువుల మధ్య దూరం

సిద్ధాంత భౌతికశాస్త్రం, గణితం అనగానే అవి నిత్యజీవితంతో ఏ సంబంధమూ లేని గహన విద్యలని సామాన్య పాఠకునికి తోచడం సహజం. కాని రోగిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి మెదడులోని గడ్డను చూడగలుగుతున్న వైద్యుడూ, కొత్త మందు కోసం ఒక ప్రోటీన్ ఆకృతిని పరిశీలిస్తున్న జీవరసాయనికుడూ ఆ గహన విద్యలకే ఋణపడి ఉన్నారు. ఆ రెండు ఋణాలలోనూ చెప్పుకోదగిన భాగం ఒకే భారతీయ శాస్త్రజ్ఞునికి చెందుతుంది. ఆయన జి. ఎన్. రామచంద్రన్.

రామచంద్రన్ 1922 అక్టోబరు 8న ఎర్నాకుళంలో జన్మించారు. తండ్రి గణితాచార్యులు, కుమారునికి లెక్కలమీద మక్కువ కలిగించినది ఆయనే. తిరుచిరాపల్లిలో భౌతికశాస్త్రం చదివి, 1942లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో విద్యుత్ ఇంజనీరింగ్ విద్యార్థిగా చేరారు. కొద్దికాలంలోనే ఆ యువకుణ్ణి సర్ సి. వి. రామన్ తమ భౌతికశాస్త్ర విభాగంలోకి తీసుకొన్నారు. అక్కడ స్ఫటికాల గురించి, వాటి గుండా సాగే కాంతి గురించి, ఎక్స్-కిరణాల గురించి నేర్చుకొన్న రామచంద్రన్, 1947 నుండి 1949 వరకు కేంబ్రిడ్జిలో పరిశోధన సాగించి స్వదేశానికి తిరిగి వచ్చారు. 1952లో, ముప్పయ్యేళ్ళు నిండకముందే, మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖాధిపతి అయ్యారు.

కొత్త శాఖకు కొత్త సమస్య కావాలి. ఆ రోజులలో మద్రాసు వచ్చిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జె. డి. బెర్నాల్ మాటల సందర్భంలో కొల్లాజెన్ ప్రస్తావన తెచ్చారు. చర్మానికి బిగువును, ఎముకకు పట్టును, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువుకు బలాన్ని ఇచ్చేది ఈ ప్రోటీనే. మన శరీరంలోని ప్రోటీన్లలో నాలుగో వంతు మొదలు మూడో వంతు దాకా ఇదే. అయినా దాని అంతర్నిర్మాణం ఎవరికీ అంతుపట్టలేదు. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా ఈ చిక్కుముడిని విప్పడానికి పూనుకొన్నారు. కంగారూ తోకలోని స్నాయువుపై ఎక్స్-కిరణాలను ప్రసరింపజేయగా ఏర్పడిన చిత్రాలు వారికి ఆధారమయ్యాయి.

వారికి మరొక ఆధారం రసాయనశాస్త్రం నుండి లభించింది. కొల్లాజెన్‌లోని ఎమినో ఆమ్లాలలో సరిగ్గా మూడో వంతు గ్లైసిన్. ఎమినో ఆమ్లాలన్నింటిలోనూ చిన్నది ఇది. ప్రతి మూడో స్థానంలోనూ తప్పనిసరిగా గ్లైసినే ఎందుకుండాలి? అక్కడ మరి దేనికీ చోటు లేదు కాబట్టి! మూడు గొలుసులు ఒకదానినొకటి పెనవేసుకొని మూడు పాయల జడగా ఏర్పడితే, జడ నడిమి భాగం అత్యంత ఇరుకుగా ఉంటుంది. ఆ ఇరుకులో గ్లైసిన్ మాత్రమే ఇముడుతుంది. 1954లో వెలువడిన తొలి నమూనాలో మూడు గొలుసులు పక్కపక్కన నిలిచి ఉన్నాయి. గ్లైసిన్ ఎల్లప్పుడూ లోపలివైపే ఉండాలంటే, చంద్రుడు భూమికి ఒకే ముఖం చూపుతూ తిరిగినట్లు, ప్రతి గొలుసూ తాను మెలికపడుతూనే తక్కిన రెండింటి చుట్టూ తిరగాలి. ఈ సవరణతో 1955లో రెండవ నమూనా వెలువడింది. రెండింటినీ లండన్ నుండి వెలువడే ‘నేచర్’ పత్రిక ప్రచురించింది.

ఆ ఏడాదే ఎదురుదెబ్బ తగిలింది. డి.ఎన్.ఏ. నిర్మాణంతో అప్పటికే ప్రసిద్ధుడైన ఫ్రాన్సిస్ క్రిక్, ఆయన సహచరుడు అలెగ్జాండర్ రిచ్ కొల్లాజెన్‌కు తమ నమూనాను ప్రకటించారు. మూడు పాయల జడ అన్న మూలభావంతో వారికి పేచీ లేదు. కాని మద్రాసు నమూనాలో కొన్ని పరమాణువులు ఉండవలసిన దానికంటె దగ్గరగా ఉన్నాయని వారు ఆక్షేపించారు. ప్రతి మూడు ఎమినో ఆమ్లాలకు రెండు హైడ్రోజన్ బంధాలు సాధ్యమని మద్రాసు వారు అనగా, ఒక్కటే సాధ్యమని వీరు వాదించారు. ఒక కొత్త శాఖ ప్రతిష్ఠ, ఒక యువ ఆచార్యుని తొలి ఘనకార్యం ఈ వివాదంలో చిక్కుకొన్నాయి.

రామచంద్రన్ తన నమూనాను సమర్థించుకొంటూనే, ఆక్షేపణ మూలంలో ఉన్న ప్రశ్నను చేపట్టారు. పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని అంటున్నారు. అసలు రెండు పరమాణువులు ఎంత దగ్గరకు రావచ్చును? ఈ ప్రశ్నకు నికరమైన సమాధానం ఎక్కడా కూర్చి లేదు. అప్పటివరకు నిర్ణయమైన స్ఫటిక నిర్మాణాలను గాలించి, ఏ పరమాణువు ఏ పరమాణువుకు ఎంత కనిష్ఠ దూరంలో ఉన్నదో రామచంద్రన్ బృందం పట్టిక వేసింది. లోగడ ఊహించిన దానికంటె తక్కువ దూరాలు కూడా ప్రకృతిలో ఉన్నాయని తేలింది.

తరువాతి మెట్టు గణితానిది. ప్రోటీన్ గొలుసులో ఒక్కొక్క ముడి దగ్గర ముఖ్యంగా రెండు మలుపులు ఉంటాయి. తలుపు తన కీలుపై తిరిగినట్లు, ముడికి ఇటు ఒక భాగం, అటు ఒక భాగం తిరుగుతాయి. ఆ రెండు కోణాలను ఫై, సై అనే గ్రీకు అక్షరాలతో సూచిస్తారు. ఒక కోణాన్ని అడ్డంగా, రెండవదానిని నిలువుగా గుర్తించి, ప్రతి కోణాల జంటకూ పరమాణువులు ఢీకొంటున్నాయా లేదా అని లెక్క కట్టారు. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ 1963లో ప్రకటించిన ఈ పటంలో దాదాపు మూడు వంతులు నిషిద్ధ ప్రాంతమే. గొలుసుకు స్వేచ్ఛ ఉన్నది మిగిలిన చిన్న ద్వీపాలలో మాత్రమే. ప్రకృతిలో ప్రోటీన్లు తాల్చే ప్రసిద్ధమైన మెలికలు, మడతలు ఆ ద్వీపాలలోనే అమరిపోయాయి. అంటే, కేవలం జ్యామితి ఆధారంగా జీవపదార్థం ఏ రూపాలు తాల్చగలదో, ఏవి తాల్చలేదో ముందుగానే చెప్పవచ్చునన్నమాట.

కొల్లాజెన్ వివాదం తీరడానికి మాత్రం చాలకాలం పట్టింది. కొల్లాజెన్‌ను పోలిన ఒక అణువు స్ఫటిక నిర్మాణం 1994లో సూక్ష్మంగా వెల్లడయింది. మూడు పాయల జడ నిజమని తేలింది. గొలుసుల మధ్య నేరుగా ఏర్పడే హైడ్రోజన్ బంధం ఒక్కటేనన్న రిచ్, క్రిక్‌ల వాదమూ నిలిచింది. అయితే గొలుసుల మధ్య నీటి అణువులు వంతెనలుగా నిలుస్తాయని 1968లో రామచంద్రన్ చేసిన సూచనకు కూడా అందులో బలం చేకూరింది.

1970 ప్రాంతంలో రామచంద్రన్ మద్రాసు విడిచి బెంగుళూరు చేరి, తాను చదువుకొన్న సంస్థలోనే అణు జీవభౌతిక విభాగాన్ని నెలకొల్పారు. ఆయన రెండవ కానుక ఆ కాలానిదే. ఒక వస్తువును అనేక దిక్కుల నుండి ఎక్స్-కిరణాలతో చూస్తే అనేక నీడలు లభిస్తాయి. ఆ నీడలనుండి లోపలి రూపాన్ని ఎలా తిరిగి నిర్మించాలి? ఇది సాధ్యమేనని ఆస్ట్రియా గణితజ్ఞుడు యోహాన్ రాడాన్ 1917లోనే నిరూపించారు. కాని ఆచరణకు అనువైన మార్గం కావాలి. నీడలను వచ్చిన దారినే వెనక్కు పరచి ఒకదానిపై ఒకటి పేర్చితే రూపం కనిపిస్తుంది గాని, దాని చుట్టూ మసక కమ్ముతుంది. ప్రతి నీడనూ వెనక్కు పరచకముందే, ఒక్కొక్క బిందువునుండి దాని ఇరుగుపొరుగుల వంతును ఒక నియమం ప్రకారం తీసివేస్తే ఆ మసక తొలగిపోతుంది. 1971లో రామచంద్రన్, ఎ. వి. లక్ష్మీనారాయణన్ ప్రకటించిన పద్ధతి సారాంశం ఇదే. సుదీర్ఘమైన ఫోరియర్ గణనల అవసరం దీనితో తప్పింది. కంప్యూటరు పని ఎంతో తేలికయింది. రేడియో ఖగోళశాస్త్రంలో బ్రేస్‌వెల్, రిడిల్ అనే శాస్త్రజ్ఞులు 1967లోనే ఇటువంటి మార్గాన్ని చూపి ఉన్నారు.

1971 అక్టోబరు 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో తొలిసారిగా రోగి మెదడును సి.టి. స్కానర్ చిత్రించింది. ఆ యంత్ర నిర్మాత హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని గణితాన్ని అంతకుముందే ఆలోచించిన కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమానం లభించింది. రామచంద్రన్, లక్ష్మీనారాయణన్‌ల పేర్లలోని తొలి అక్షరాలు ‘రామ్-లాక్’ అనే గణిత సాధనంగా స్కానింగ్ శాస్త్రంలో నిలిచిపోయాయి. ఇటీవలి యంత్రాలలో కొత్త గణన పద్ధతులు వచ్చి చేరినా, ఈ విద్య నేర్చే ప్రతి విద్యార్థీ మొదట తెలుసుకొనేది దీనినే.

1977లో రామచంద్రన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. చివరి దశలో ఆయన ఆలోచనలు గణిత తర్కం వైపు మళ్ళాయి. పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి ఆయనను క్రుంగదీశాయి. స్ఫటిక శాస్త్రంలో అత్యున్నతమైన ఎవాల్డ్ బహుమానం 1999లో లభించింది. 2001 ఏప్రిల్ 7న ఆయన చెన్నైలో కన్నుమూశారు.

ప్రపంచ ప్రోటీన్ నిధిలో నేడు 2 లక్షలకు పైగా నిర్మాణాలు ఉన్నాయి. వాటిలో కొత్తగా ఏది చేరాలన్నా ముందు రామచంద్రన్ పటంపై పరీక్షకు నిలుస్తుంది. ముడులు ఎక్కువగా నిషిద్ధ ప్రాంతంలో పడితే, పరిశోధకుడు తన లెక్కను మళ్ళీ చూసుకోవలసిందే. నమూనాలో పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయన్న ఆక్షేపణను ఒకనాడు విన్న శాస్త్రజ్ఞుడే, అటువంటి ఆక్షేపణలకు కొలబద్దను తయారుచేసి లోకానికి ఇచ్చారు.