ఇంటి లెక్క: పిల్లల చేతికి పద్దు

దుర్గాపూర్‌లో గానీ పక్కనున్న ఊర్జానగర్‌లో గానీ ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు హైదరాబాదు ప్రయాణం కొత్తేమీ కాదు. పెళ్లికో, గృహప్రవేశానికో, పెద్దవాళ్లను చూడడానికో ఏడాదికొకసారైనా వెళ్తూనే ఉంటాం. అలా వెళ్లొచ్చిన పిల్లవాణ్ణి "హైదరాబాదులో ఏం చూశావురా?" అని అడగండి. కల్యాణమండపం చూశానంటాడు. తప్పు వాడిది కాదు, మనం చూపించింది అదే.

అందుకే ఈసారి పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలున్న ఇళ్లకు పనికొచ్చే ప్రయాణం గురించి ముచ్చటించుకుందాం. నలుగురు మనుషులు, శని, ఆదివారాలు రెండే రోజులు, ఎనిమిది వేల రూపాయలు. ఇది విహారం కోసమే కాదు. గనిలో, థర్మల్ కేంద్రంలో మన ఉద్యోగాలు ఇక్కడే సాగినా, పన్నెండో తరగతి దాటాక మన పిల్లల్లో చాలామంది నాగపూర్‌కో, పుణేకో, హైదరాబాదుకో చదువులకు వెళ్లక తప్పదు. అప్పుడు నెలఖర్చు డబ్బు చేతిలో పెట్టుకుని పెద్ద ఊళ్లో ఒంటరిగా నెట్టుకురావాలి. ఆ విద్య మనం పక్కనుండగానే రెండు రోజులు నేర్పగలిగితే అంతకన్నా ఏం కావాలి?

పద్దు ఇలా వేసుకోవచ్చు. రానుపోను రైలుకు 2,200. ఒక రాత్రి గదికి 2,000. భోజనం, టిఫిన్లకు 2,000. ఊళ్లో తిరగడానికి 800. ప్రవేశ టికెట్లకు 400. ఆపద్ధర్మంగా 600. మొత్తం 8,000.

రైలు సంగతి ముందు చూద్దాం. బల్లార్షా నుంచి సికింద్రాబాదు మూడున్నర వందల కిలోమీటర్ల పైచిలుకు. శుక్రవారం రాత్రి బండికి స్లీపరులో వెళ్లి, ఆదివారం రాత్రి బండికి బయలుదేరితే రెండు పగళ్లూ మనవే, గది అద్దె ఒక్క రాత్రికే. 2024 సెప్టెంబరులో మొదలైన నాగపూర్-సికింద్రాబాద్ వందే భారత్ చంద్రపూర్‌లోనూ బల్లార్షాలోనూ ఆగుతుంది. సుఖమైన బండే గానీ, చార్జీ స్లీపరుకు చాలా రెట్లు, పైగా పగటి పూట ప్రయాణంలోనే పోతుంది. పన్నెండేళ్లు నిండినవారికి పూర్తి టికెట్టే. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తున్నారు గనుక తేదీ అనుకోగానే కొనేయాలి.

ఇక చుట్టాలింట్లో దిగడం. గది అద్దె మిగులుతుంది, నిజమే. కానీ వాళ్లు పెట్టే టిఫిన్ అయి, కబుర్లయి, బయటపడేసరికి పదకొండు. మనం తీసుకెళ్లే మిఠాయిలు, పళ్లు, పిల్లల చేతిలో పెట్టే డబ్బు కలిపితే అద్దెకు పెద్ద తేడా ఉండదు. నాంపల్లి స్టేషను దగ్గర గది తీసుకుని, ఆదివారం మధ్యాహ్నం ఒక్క ఇంటికి భోజనానికి వెళ్తే చుట్టరికమూ నిలుస్తుంది, రోజూ నిలుస్తుంది. అందరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి.

ఇప్పుడు అసలు మాట. పద్దులో తిరగడానికి ఉంచిన 800, టికెట్ల 400 కలిపి 1,200 రూపాయలూ పిల్లల చేతికివ్వండి. ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్నది వాళ్లే తేల్చాలి. షరతులు మూడు. మిగిలింది వాళ్లదే. చాలకపోతే ఆపద్ధర్మం జోలికి రాకూడదు, అది మందులకూ తప్పిపోయిన రైలుకూ మాత్రమే. ప్రతి రాత్రీ పైసాతో సహా లెక్క రాయాలి.

గడిచిన జనవరిలో మా ఇంట్లో ఇదే చేశాం. అమ్మాయికి పదహారేళ్లు, అబ్బాయికి పద్నాలుగు. వాడు రామోజీ ఫిల్మ్ సిటీ అని పట్టుబట్టాడు. నేను కాదనలేదు, లెక్క కాగితం ముందు పెట్టానంతే. 1996లో మొదలైన ఆ ఫిల్మ్ సిటీ ఊరికి దూరంగా ఉంది, టికెట్టే మనిషికి వెయ్యి దాటుతుంది. నలుగురికి నాలుగు వేల పైమాట, రెండు రోజుల్లో ఒక రోజు దానికే. ఐదు నిమిషాలు కూడికలు వేసి, "నాన్నా, ఇది వేరే ప్రయాణానికి ఉంచుకుందాం" అన్నాడు. నేను వద్దంటే వారం రోజులు ముఖం మాడ్చుకుని ఉండేవాడు. అంకె వద్దంటే అలగడానికి ఎవరున్నారు?

వాళ్లు వేసిన పథకం ఇది. శనివారం పొద్దున గోల్కొండ. పురావస్తు శాఖవారి టికెట్ 25 రూపాయలు, పదిహేనేళ్లలోపు వారికి లేదు. జట్పురా గేటు కింద తిరిగే చంద్రపూర్ పిల్లలకు కోటగోడ వింత కాదు గానీ, ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు పైన బాలా హిస్సార్‌లో వినిపించడం వింతే. రామదాసు చెర అక్కడే చూశారు. మధ్యాహ్నం నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం, పక్కనే 1985లో కట్టిన ప్లానెటేరియం, అందులో తెలుగు ప్రదర్శన. సాయంత్రం నాంపల్లిలో నుమాయిష్. 1938లో మొదలైన ఈ ప్రదర్శన ఏటా జనవరి ఒకటి నుంచి నెలన్నర సాగుతుంది గనుక జనవరి ప్రయాణానికి అదొక లాభం. ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియం (దానికి శుక్రవారం సెలవు), అక్కడి నుంచి నడకలో చార్మినార్. మా పిన్నిగారింట్లో భోజనమయ్యాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు. ఒక ప్రాంతంలోవి ఒకే పూట చూడాలన్న కిటుకు వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు.

బస్సుల గురించి ఒక హెచ్చరిక. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. అది తెలంగాణ చిరునామా గుర్తింపు కార్డు ఉన్నవారికే. ఇక్కడి ఎస్టీ బస్సుల్లో 2023 మార్చి నుంచి సగం టికెట్టుకు అలవాటుపడిన మన ఆడవాళ్లు అక్కడ పూర్తి టికెట్టు కొనవలసిందే. మెట్రో 2017 నవంబరు నుంచి నడుస్తోంది, 2025 మేలో చార్జీలు పెరిగాయి. అయినా ఆటోకన్నా నయం, అన్నిటికన్నా బస్సు నయం.

అయితే బస్సు బోర్డు తెలుగులో ఉంటుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో మరాఠీ, హిందీ, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరాలు ఎందుకని అడిగితే ఇన్నాళ్లూ సంస్కృతి, మాతృభాష అని చెబుతూ వచ్చాం, వాళ్లు తల ఊపుతూ వచ్చారు. శనివారం పొద్దున బోర్డు చదవలేక రెండు బస్సులు వదిలేసి ఆటో ఎక్కారు. వాళ్ల 1,200లో పెద్ద ముక్క అక్కడే పోయింది. అక్షరం వస్తే బస్సు, రాకపోతే ఆటో. ఆ రాత్రి గదిలో లెక్క రాశాక అమ్మాయి వాళ్లమ్మను కూర్చోబెట్టుకుని కోఠి, అఫ్జల్‌గంజ్, మెహదీపట్నం అని కాగితం మీద రాయించుకుంది. ఆదివారం ప్రతి బస్సూ తమ్ముడికి చదివి చెప్పింది.

అబిడ్స్‌లో రెండు గంటలు అక్కాతమ్ముళ్లను వాళ్లంతట వాళ్లను తిరగనిచ్చాం. కలుసుకోవలసిన చోటు, సమయం ముందే అనుకున్నాం. ఇరానీ హోటల్లో టీ ముందు పెట్టుకుని మా ఆవిడ పదిసార్లు గడియారం చూసింది. నేను చూడలేదని చెప్పను. చెప్పిన వేళకు ఐదు నిమిషాల ముందే వచ్చారు. చేతిలో నాలుగు పుస్తకాలు, జేబులో 140 రూపాయలు. పుస్తకాల్లో ఒకటి పిల్లల తెలుగు వాచకం.

రెండేళ్లలో మా అమ్మాయి ఆ ఊళ్లోనో మరో ఊళ్లోనో హాస్టల్లో ఉంటుంది. అప్పుడు పక్కన మేముండం. కానీ చేతిలో ఉన్నదెంతో తెలుసుకుని అడుగు వేయడం దానికి వచ్చునన్న ధైర్యం మాకు కొంత మిగిలింది. మీ ఇంట్లో కూడా తేదీ అనుకున్న రోజునే పిల్లల్ని కూర్చోబెట్టండి. ఉన్న డబ్బెంతో దాచకుండా చెప్పండి. పద్దు వాళ్లచేతనే రాయించండి, తెలుగులో.